కొనక చూచిన సుఖము



కొనవలసినది ఏమియు లేకపోయినను చిన్న అంగడిలో నిలిచి సరుకులు చూచుట ఒక సుఖము. అది వట్టి కాలహరణమని కొందరు పెద్దలందురు. మేము అట్లు తలంచుట లేదు. అయితే ఆ సుఖము మనకు ఊరికే దొరకుచున్నదా, దానికి మనము ఎవరికైనా బాకీ పడుచున్నామా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

ముందు ఆ సుఖమెట్టిదో చూతము. బెంగుళూరులో 1927లో కట్టిన రస్సెల్ మార్కెట్టు గాని, గాంధీ బజారు గాని, చెన్నై జార్జి టౌనులోని గోవిందప్ప నాయకన్ వీధి గాని, మన వీధి మలుపులోని చిన్న కిరాణా కొట్టు గాని తీసుకొనండి. మూతులు మడిచి వరుసగా నిలిపిన గోనెసంచులలో పప్పులు, ధనియాలు, మిరపకాయలు. రంగు కావలెనంటే బ్యాడగి, కారము కావలెనంటే గుంటూరు అని అంగడి యజమానియే చెప్పును. బియ్యము చేతిలో పోసుకొని, ఒక గింజ కొరికి, పాతవో కొత్తవో తేల్చుకొందుము. కాఫీపొడి అంగడిలో పీబెర్రీ ఎంత, చికోరీ ఎంత అని మనమే చెప్పి, మన కన్నుల ఎదుటనే మర పట్టించుకొందుము. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతమునకు తగ్గరాదని నేటి నియమము. కాని మన నాలుకకు 80–20 సరిపడునా, 70–30 సరిపడునా అన్నది నియమము చెప్పలేదు. పొడి అమ్మి అమ్మి అనుభవము గడించినవాడు చెప్పును.

పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మనకు ఇంకొక మేలు కూడ కలదు. మన కందిపప్పు కన్నడ దేశములో తొగరిబేళె, తమిళులకు తువరంపరుప్పు, మహారాష్ట్రులకు తూర్‌డాళ్, ఒడిశాలో హరడ డాలి. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిరి. ఆ సూత్రమునకు కిరాణా కొట్టును మించిన పాఠశాల లేదు. అట్టమీది పేరు చదివి బుట్టలో వేసుకొను చోట బిడ్డలు ఎవరిని అడుగుదురు? ఇక్కడ అడుగక తప్పదు. అడిగినప్పుడెల్ల ఒక మాట నేర్తురు.

ఇక బాకీ సంగతి. నేడు మనలో పలువురము అంగడిలో చూచి, వాసన చూచి, ఏది మంచిదో అడిగి తెలిసికొని, ఇంటికి పోయి ఫోనులో అదే సరుకు తెప్పించుకొనుచున్నాము. రెండు రూపాయలు తక్కువ, నిమిషములలో గుమ్మము ముందుకు వచ్చును. ఇందులో తప్పేమి? అంగడివాడు తన లాభము కొరకే సరుకు పరచెను గదా, చూచినంత మాత్రమున కొనవలెనని ఒప్పందమున్నదా అని అడుగవచ్చును. ఈ మాటలో న్యాయమున్నది. చూపునకు వెల కట్టరాదు. చాలీచాలని జీతముతో సంసారమీడ్చు ఇల్లాలు చవుకగా దొరకు చోటికి పోయినచో ఆమెను తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. చిన్న అంగళ్లన్నియు ధర్మకాటాలనియు మేమనము. తూకములో తేడా, పాత సరుకు, పురుగు పట్టిన పిండి ఉన్న చోట పరిచయము పేరిట ఊరకుండనక్కరలేదు.

అయినను ఒక లెక్క గమనింపుడు. చిన్న కొట్టులో పది రూపాయల ఆవాలు ఇత్తురు. రోజుకూలికి పోవువానికి వారాంతము వరకు ఖాతా వ్రాసికొందురు. ఈ అరువును నిలుపునది ఎవరు? నగదు ఇచ్చి కొను మనవంటివారమే. మన నగదు గల్లాపెట్టెలో పడినందుననే పొరుగువాని పేర పద్దు వ్రాయుటకు యజమానికి ధైర్యము కలుగుచున్నది. నగదు ఉన్నవారందరు ఫోనులోనికి పోయి, అరువువారు మాత్రమే మిగిలినచో ఆ కొట్టు ఎన్నాళ్లు నిలుచును? అది మూతపడిన దినమున మనకు పెద్దగా నష్టముండదు. నష్టము ఆ కూలివాని పొయ్యికి. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చినప్పుడు, మొదటి దినములలో ఫోను ఆర్డర్లు తడబడగా, మనలో ఎందరమో సగము ఎత్తిన షట్టరు ముందే సంచి పట్టుకొని నిలిచితిమి. ఆ దినములను మరచుట తగునా?

కనుక మా తలంపు ఇది. చూచినందుకు బాకీ లేదు. కాని అడిగి తెలిసికొన్నందుకు, రుచి చూచినందుకు, అక్కరలో అరువు పుచ్చుకొన్నందుకు బాకీ ఉన్నది. చేతిలో డబ్బు ఆడునప్పుడు పెద్ద దుకాణమునకు, చేయి తిరగనప్పుడు చిన్న కొట్టునకు పోవుట సాధారణమైపోయినది. పాత పద్దు తీర్పకుండ కొత్త నగదు వేరొకచోట ఖర్చుపెట్టుట మరియు అన్యాయము. వెనుకటి రోజులలో తూకము ముగిసిన పిదప అంగడివారు కొసరు వేసెడివారు. అడుగకయే మనకు చెప్పు మంచి చెడ్డలు, రుచి చూడుమని చేతిలో పెట్టు రెండు పలుకులు నేటికిని వారు వేయు కొసరే. అసలు వేరొకచోట కొని, కొసరు మాత్రము వీరియొద్ద పుచ్చుకొనుట ధర్మమా?

నెల సరుకంతయు అక్కడనే కొనుమని ఎవరిని నిర్బంధింపము. ఎవరు చెప్పగా మంచిదని తెలిసికొంటిమో ఆ ఒక్క సరుకునైనను వారియొద్దనే కొందము. ఖాతా ఉన్నచో నెల మొదటనే తీర్తము. ఈ శనివారము సాయంత్రము బిడ్డలను వెంటబెట్టుకొని, పట్టీ లేకుండ, మీ వీధి కొట్టుకు ఒకసారి పోయి చూడుడు. వచ్చునప్పుడు సంచిలో ఏదో ఒకటి ఉండనిండు.