గోడకు కళ్ళు వచ్చిన కాలంలో



గోడలకు చెవులుంటాయని మన పెద్దలు అనేవారు. ఇప్పుడు గోడలకు కళ్ళు కూడా వచ్చాయి. గృహ ఆశీర్వాదాలకు వెళ్ళినప్పుడు చూస్తున్నాను: గుమ్మం పైన సిలువ, దాని పక్కనే సి.సి. కెమెరా. లోపల యేసు తిరుహృదయ పటానికి ఎదురుగా నాలుగు గడుల తెర. మొదటి గడిలో గేటు, రెండవ దానిలో వీధి, మూడవ దానిలో మెట్లు. నాలుగవ దానిలో ఒక్కోసారి పక్కింటివారి పెరడు. ఈ వారం ఆ నాలుగవ గడిని గురించి మీతో మాట్లాడదలచాను.

ఇంటికి కావలి పెట్టుకోవడం పాపం కాదు. దొంగ ఏ జామున వస్తాడో తెలిస్తే ఇంటి యజమాని మేలుకొనే ఉంటాడని ప్రభువే ఉపమానంగా చెప్పారు. పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులను ఫోనులో చూసుకొని ధైర్యపడే కుటుంబాలు మన విచారణలలో ఎన్నో ఉన్నాయి. జనం ఎక్కువగా చేరే చోట్ల కెమెరాలు పెట్టాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే చట్టం వచ్చింది. కాబట్టి కెమెరా వద్దని నేను చెప్పడం లేదు. అది ఎటు చూస్తున్నదని అడుగుతున్నాను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకొనేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలి. లేకపోతే పైనుండి ఎవరైనా పడి మరణించినప్పుడు ఆ దోషం ఆ ఇంటిమీదికి వస్తుంది. ఇల్లు నాదే, డాబా నాదే. అయినా దానివల్ల ఇతరులకు హాని కలగకుండా చూడవలసిన బాధ్యత కూడా నాదే. మన కెమెరాకు కూడా అటువంటి పిట్టగోడ ఒకటి కావాలి.

అదే గ్రంథం 24వ అధ్యాయంలో మరొక ఆజ్ఞ ఉంది. అప్పిచ్చినవాడు కుదువ వస్తువు కోసం బాకీదారుని ఇంట్లోకి చొరబడకూడదు. బయట నిలబడాలి, ఇంటివాడే దానిని తెచ్చి ఇవ్వాలి. బాకీపడినవాని గడపకే దేవుడు ఇంత గౌరవమిచ్చాడు. మనకు పైసా బాకీలేని పొరుగువారి గడపకు మనమెంత గౌరవం ఇవ్వాలి? ఇతరుల ఇంట్లోకి తొంగిచూడటం బుద్ధిహీనుల పని అని సీరా జ్ఞానగ్రంథము 21వ అధ్యాయం కూడా మందలిస్తుంది.

దావీదు మహారాజు పతనం ఎక్కడ మొదలైంది? మేడమీద. సాయంకాలం పచార్లు చేస్తూ స్నానమాడుతున్న ఊరియా భార్యను చూశాడు. ఆ చూపు వ్యభిచారానికీ, చివరకు ఊరియా హత్యకూ దారితీసింది. దావీదు మేడ దిగితే ఆ చూపు ఆగిపోయేది. మనం మేడమీద బిగించిన కన్ను దిగిరాదు, రెప్పవాల్చదు, చీకట్లో కూడా చూస్తుంది, చూసినదంతా దాచిపెడుతుంది.

మన ఊళ్ళలో, పట్టణాలలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. చాలా ఇళ్ళలో స్నానాల గది పెరట్లోనే. తలంటుకొని కురులు ఆరబెట్టుకోవడానికి, దండెం మీద బట్టలు వేయడానికి ఆడబిడ్డలు బయటికి రాక తప్పదు. పక్కింటి కెమెరా తమవైపు తిరిగినప్పటినుండి సొంత పెరట్లో కూడా పైట సవరించుకుంటూ తిరగవలసి వస్తున్నదని కొందరు తల్లులు నాతో చెప్పుకున్నారు. పొరుగువారి వస్తువును ఆశించవద్దని నేర్చుకున్న మనం, వారి ఇంట్లో వారికున్న నెమ్మదిని తీసుకోవచ్చునా?

“ఏ తప్పూ చేయనివాళ్ళకు భయమెందుకు స్వామీ?” అని కొందరు అడుగుతారు. ఆలోచించండి. స్నానానికి వెళ్ళి తలుపు వేసుకునేవారు తప్పు చేస్తున్నారా? గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకొని ప్రార్థించమని ప్రభువు చెప్పినది ఏ నేరం దాచడానికి? పాపసంకీర్తన రహస్యాన్ని ప్రాణం పోయినా బయటపెట్టని శ్రీసభ మనది. మూసిన తలుపు వెనుక మనిషికి ఒక పవిత్ర స్థలం ఉందని మనకంటె బాగా ఎవరికి తెలియాలి? అందుకే దేవాలయంలో కెమెరాలు పెట్టేటప్పుడు కూడా పాపసంకీర్తన స్థలంవైపు ఒక్కటీ తిరగకుండా విచారణ పెద్దలు చూడాలి.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు బోధ నేర్చుకున్నాం. ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పమే న్యాయం. పొరుగువానికి చెందినది పొలంగట్టు, పశువు మాత్రమే కాదు. తన ఇంట్లో తాను ఎవరికంటా పడకుండా బ్రతకడం కూడా అతనికి చెందినదే. రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన ‘నేటి ప్రపంచంలో శ్రీసభ’ అనే పత్రం, మానవునికి సహజంగా ఉన్న హక్కులలో వ్యక్తిగత జీవిత రక్షణను కూడా చేర్చింది.

మన దేశపు చట్టం కూడా అదే మాట చెబుతున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, చిత్రీకరించడం 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికే ఏడాది నుండి మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. ఒకే ఇంటిని పంచుకున్న అన్నదమ్ముల వివాదంలో, తోటివారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పగా, సుప్రీంకోర్టు దానిలో జోక్యం చేసుకోలేదు. ఒక తల్లి బిడ్డలు కెమెరా కోసం ఢిల్లీదాకా పోవలసి వచ్చిందంటే, చట్టం తీర్చగలిగినదెంతో, ప్రేమ ముందుగానే తీర్చవలసినదెంతో ఆలోచించండి.

దేవుడు కూడా మనలను చూస్తున్నాడు గదా అంటారేమో. అవును. ఎడారిలో తోడులేని హాగారు ఆయనను తనను చూచే దేవునిగా గుర్తించింది. ఆయన చూపు ఆమెను బ్రతికించింది. మన చూపు ఎవరిని బ్రతికిస్తున్నది? ఎదురింటి అమ్మాయి ఒక అబ్బాయితో రెండు నిమిషాలు మాట్లాడితే, ఆ దృశ్యాన్ని వాట్సాప్ గుంపులో పెట్టేవారున్నారు. అతను వరుసకు అన్న కావచ్చు, తోటి విద్యార్థి కావచ్చు. తెరమీద బొమ్మ కనిపిస్తుంది, మనసు కనిపించదు. పొరుగువాని చేతలను వీలైనంతవరకు మంచిగానే అర్థం చేసుకోవాలని మన సత్యోపదేశ గ్రంథం బోధిస్తున్నది. ఆధారం లేకుండా ఒకరిని తప్పుపట్టడం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం. ఒక్క వీడియోతో కుదిరిన సంబంధం తప్పిపోతే, ఆ నష్టపరిహారం మనం ఎలా చెల్లిస్తాం?

కాబట్టి కెమెరా పెట్టదలచినవారు బిగించకముందే పక్కింటికి వెళ్ళండి. “వదినా, గేటు దగ్గర కెమెరా పెడుతున్నాం, మీవైపు ఏమైనా పడుతుందేమో వచ్చి చూడండి” అని పిలిచి తెర చూపించండి. కెమెరాను కిందికి, మీ గేటువైపుకు వంచమని బిగించేవారితో చెప్పండి. పక్కింటి భాగం తప్పనిసరిగా పడుతుంటే, తెరమీద ఆ మేరకు నల్లగా మూసే సదుపాయం చాలా పరికరాలలో ఉంది. మాటలు రికార్డు కాకుండా ధ్వనిని ఆపివేయండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చండి; లేకుంటే మీ పొరుగువారితోపాటు మీ ఇల్లు కూడా పరుల కంటపడుతుంది. పాత దృశ్యాలు కొన్నాళ్ళకు చెరిగిపోయేటట్లు పెట్టండి. దొంగతనమో ప్రమాదమో జరిగితే పోలీసులకు ఇవ్వండి, వీధికి పంచకండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా కెమెరా ఎక్కడ ఉందో ముందే చెప్పండి. ఆమెకూ మానం మర్యాదలున్నాయి.

కెమెరావల్ల బాధపడుతున్నవారికి కూడా ఒక మాట. రాత్రివేళ తీగ కోయకండి, రాయి విసరకండి. సోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళమని, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలుపమని ప్రభువు మనకు వరుస చెప్పారు. చాలా ఇళ్ళలో అది దురుద్దేశం కాదు. బిగించినవాడు ఎలా బిగించాడో ఇంటివారు గమనించి ఉండరు. అడిగితే తిప్పుతారు. అడగకుండా మనసులో పెట్టుకొని, ఆదివారం దివ్యబలిపూజలో చేతులు జోడించి ఒకరికొకరు సమాధానం చెప్పుకుంటే, ఆ సమాధానం పెదవులమీదే ఆగిపోతుంది.

ఈ రాత్రి కుటుంబ జపమాల ముగిశాక మీ ఇంటి తెర ముందు ఒక్క నిమిషం నిలబడండి. ప్రతి గడినీ చూసి, ఇది నా ఇంటి కావలికి అవసరమా అని అంతరాత్మను అడగండి. అవసరం లేనిదేదైనా కనిపిస్తే రేపు ఉదయమే ఆ కెమెరాను తిప్పించండి.

నిద్రపోని కాపరియైన దేవుడు మీ రాకపోకలను కాపాడి, మీ ఇంటినీ మీ పొరుగింటినీ ఒక్కటిగా దీవించునుగాక. ఆమెన్.