మెదడువాపు టీకా – అహింసా విచారం

ఒక ప్రాణిని కాపాడడానికి మరో ప్రాణిని చంపవచ్చునా అన్న ప్రశ్న భారతీయ దర్శనాలకు పాతదే అయినా, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వ్యాధి దగ్గర అది మరింత చిక్కుపడుతుంది. వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు ఈ వైరస్‌ను కొంగల నుంచి, పందుల నుంచి మనుషులకు చేరవేస్తాయి. అయితే మనిషి నెత్తుటిలో అది చాలినంతగా పెరగదు కనుక, రోగిని కుట్టిన దోమ ద్వారా మరొకరికి అంటుకోదు. అంటే టీకా వేయించుకున్న బిడ్డకే తప్ప పొరుగింటి బిడ్డకు దానివల్ల రక్షణ లేదు. పక్షులలో వైరస్ నిలిచి ఉన్నంతకాలం మశూచిలా దీనిని నిర్మూలించడమూ కుదరదు. తరతరానికీ టీకా వేస్తూనే ఉండాలి కాబట్టి, తయారీలో హింస ఉంటే దానికీ అంతం ఉండదు.

ఆ హింస ఒకప్పుడు కళ్లకు కట్టినట్టు ఉండేది: కసౌలీలోని కేంద్రీయ పరిశోధనా సంస్థ తయారుచేసిన పాత టీకా కోసం చిట్టెలుకల మెదడులోకి వైరస్‌ను ఎక్కించి, అవి జబ్బుపడ్డాక మెదళ్లను తీసి, శుద్ధిచేసి, ఫార్మలిన్‌తో వైరస్‌ను నిర్జీవం చేసేవారు. ఆవుదూడల మీద పెంచిన మశూచి టీకానే గోమాంస భక్షణతో సమానంగా ఎంచిన గాంధీ దీనిని చూస్తే ఏమనేవారో ఊహించవచ్చు. తరువాత హైదరాబాద్ సంస్థలు తెచ్చిన టీకాలకు ఎలుకలు అక్కరలేదు. 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసి, నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్న వీరో కణాలే వాటికి ఆధారం.

డీఎన్‌ఏ టీకా ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. వైరస్ పైపొర ప్రోటీన్ల జన్యువులను మాత్రమే ప్లాస్మిడ్ అనే వలయాకార డీఎన్‌ఏలో చేర్చి, బ్యాక్టీరియాలో పెంచి, కండరంలోకి ఎక్కిస్తే, శరీర కణాలే ఆ ప్రోటీన్లను తయారుచేసి రోగనిరోధక వ్యవస్థకు చూపిస్తాయి. వెస్ట్ నైల్ వైరస్ నుంచి గుర్రాలను కాపాడే ఇటువంటి టీకాను అమెరికా 2005లో అనుమతించింది. మనుషులకు తొలి డీఎన్‌ఏ టీకా 2021లో భారతదేశంలోనే కోవిడ్‌కు వచ్చింది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు మాత్రం ఇది పరిశోధన దశ దాటలేదు.

అయినా దీనిని హింస లేని టీకా అనడం తొందరపాటే. కోట్లాది బ్యాక్టీరియాలను క్షారంతో బద్దలు కొడితే గాని ప్లాస్మిడ్ బయటికి రాదు. ఇంద్రియాల సంఖ్యను బట్టి జీవులను మెట్లుగా విభజించిన జైనులు ఏకేంద్రియ జీవిని చంపడమూ హింసే అంటూ, గృహస్థుకు మాత్రం కొంత వెసులుబాటు ఇచ్చారు; సూక్ష్మజీవిని ఆ తొలి మెట్టున చేరిస్తే, పంచేంద్రియ జీవి అయిన ఎలుకకు బదులు అది రావడం చిన్న మార్పు కాదు. కానీ జైన గ్రంథమైన ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను ప్రమత్తతతో, అంటే ఏమరుపాటుతో, ముడిపెట్టింది కనుక చచ్చిన జీవుల లెక్క ఒక్కటే చాలదు. తయారీ నుంచి తప్పుకున్న ఎలుక పరీక్షలో మళ్లీ కనబడుతుంది: టీకా వేసినవాటికీ వేయనివాటికీ వైరస్ ఎక్కించి ఏవి బతికాయో చూస్తారు. ఈ వ్యాధికి నెత్తుటిలో వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలు ఏ మోతాదులో ఉంటే రక్షణ కలుగుతుందో ఇప్పటికే తేలింది, వాటిని గాజుపాత్రలోని కణాల మీదే కొలవవచ్చు; అది చాలినచోట కూడా అలవాటుకొద్దీ ఎలుకను బలిచేసే ప్రయోగశాలను ఆ సూత్రం క్షమించదు.