చెప్పే కూర, చెప్పని కూర

నర్సరీ దరఖాస్తులో ఒక గడి మాతృభాషది. మా పాప పేరూ నా పేరూ రాసుకున్న గుమాస్తా, మమ్మల్ని అడక్కుండానే ఆ గడిలో 'ఉర్దూ' అని రాసేశాడు. పక్కన కూర్చున్న నా భార్య 'నాది తెలుగండీ' అంది. అతను తలెత్తి చూశాడు. 'మీరు ముస్లిమ్సే కదా మేడమ్?' అన్నాడు. అందులో వెటకారం లేదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

ఆమెది ప్రకాశం జిల్లా నూర్‌బాషా కుటుంబం. తాతల కాలం దాకా దూది ఏకినవాళ్లు. వాళ్లింట్లో పుట్టిన బిడ్డకు జోలా, పోయినవాళ్ల కోసం ఏడుపూ అన్నీ తెలుగే. నాది కర్నూలు. మా అమ్మ కోపమూ ముద్దూ దక్కనీ ఉర్దూలోనే. నక్కో, హౌ, కైకూ వింటూ పెరిగినవాణ్ణి. పాపతో తల్లిది ఒక భాష, నాదీ మా అమ్మదీ ఇంకో భాష. మాతృభాష అన్న మాటలోనే తల్లి ఉంది గనక తెలుగనే రాయాలి. అలా రాస్తే ఆ బడి లెక్కల్లో ఉర్దూ మాట్లాడే తల ఒకటి తగ్గుతుంది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. అది చేరింది 1956లో. తెలంగాణ అంతటా 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ ఉర్దూ రెండో అధికార భాష అయింది. ఇన్ని ఉన్నా మేం పాపను చేర్చింది ఇంగ్లీషు నర్సరీలో. ఆ తప్పు గుమాస్తాది కాదు, మాది.

అసలు అతన్ని అని లాభం లేదు. నా పెళ్లప్పుడు మా ఫుప్పు 'ఉర్దూ రాని పిల్లా?' అని మూతి తిప్పింది. దూదేకులవాళ్లు సగం ముస్లింలేనని మనలో మనమే నవ్వుకుంటాం. అలాంటి మనం, ముస్లింలకు తెలుగెలా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లను ఏ మొహంతో తప్పుపడతాం?

మా ఇళ్లల్లో పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా చేస్తారు. కొత్త బట్టలు కట్టి, మిఠాయి పంచి, మొదటి ఆయతులు పలికిస్తారు. ప్రవక్తకు అందిన తొలి మాటే 'ఇఖ్రా', అంటే చదువు అని. నాకు ఆ వేడుక జరిగింది. ఆ తర్వాత వీధిబడిలో పంతులుగారు నా వేలు పట్టుకుని పళ్లెంలోని బియ్యంలో ఓనమాలు దిద్దించారు. ఓనమాలు అన్న మాట 'ఓం నమః శివాయ' నుంచి వచ్చిందని డిగ్రీకి వచ్చాక తెలిసింది. అప్పటికే ఆ అక్షరాలతో నాలుగు వ్యాసాలు రాసి అచ్చు వేయించుకున్నాను. ఏ వేలు ఏ మతానిదో ఆ పళ్లెంలోని బియ్యానికి తెలియదు. మా అమ్మకు తెలుసు. తెలిసీ పంతులుగారికి మిఠాయి పంపింది.

జూన్ 12న బడి తెరిచారు. ముందురోజు రాత్రి మేమిద్దరం పాపను కూర్చోబెట్టి పాఠం చెప్పాం. పేరు గట్టిగా చెప్పాలి, ఒంటికి వస్తే ఆయాను అడగాలి. చివర్న నా భార్య 'బాక్సులో ఏం కూరో అందరికీ చెప్పకు తల్లీ' అంది. నేను తలూపాను. లోపలి గదిలోంచి మా అమ్మ విని, 'ఈ వయసుకే అబద్ధం నేర్పిస్తున్నారా?' అంది.

అబద్ధం కాదు, జాగ్రత్త అంటుంది నా భార్య. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోమనడం లాంటిదే అంటుంది. పిల్ల ఏడవకుండా ఇంటికి రావాలి, సత్యం సంగతి తర్వాత చూసుకుందాం అంటుంది. తల్లి మాట తీసిపారేసేది కాదు. కానీ ఆ పోలిక నాకు మింగుడుపడలేదు. చెయ్యి పట్టుకోమన్నప్పుడు లారీ చెడ్డదని పిల్లకు అర్థమవుతుంది. కూర పేరు చెప్పొద్దన్నప్పుడు చెడ్డది ఏదని అర్థమవుతుంది? వినేవాళ్లా, కూరా, వండిన అమ్మా? ప్రమాదాన్ని దాచడానికీ సిగ్గును దాచడానికీ మధ్య గీత మనకు కనిపిస్తుంది. నాలుగేళ్ల పిల్లకు కనిపించదు. దాచమన్నదల్లా తప్పే అనుకుంటుంది.

అట్లాగని చెప్పెయ్యమ్మా అనే హక్కు నాకుందా? విజయవాడలో ఇల్లు వెతుక్కునేటప్పుడు ఫోనులో నా పేరు చెప్పకుండా ఆఫీసు మిత్రుడితో మాట్లాడించాను. అడ్వాన్సు చేతికిచ్చాకే పేరు బయటపెట్టాను. పేపర్లో మాత్రం మైనారిటీల ఆత్మగౌరవం గురించి ఎడిట్ పేజీ నింపుతాను. నలభై దాటి, చేతిలో కలమూ జేబులో ప్రెస్ కార్డూ ఉన్నవాడికే లేని ధైర్యాన్ని పాలపళ్ల పిల్ల చేత చేయించుకోవడం న్యాయమా? నా జెండా మోయడానికి కాదు కదా ఆమె బడికి వెళ్తున్నది.

మొదటి రోజు గేటు దగ్గర పాప నన్ను పట్టుకుని 'అబ్బా, అబ్బా' అని ఒకటే ఏడుపు. ఆయా పరుగెత్తుకొచ్చి 'ఎక్కడమ్మా నొప్పి?' అని మోకాళ్లు తడిమింది. తండ్రిని పిలుస్తోందని చెబితే ఆమె ఫక్కున నవ్వి, ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. మర్నాటి నుంచి నేను కనబడితే చాలు, 'అదిగో మీ అబ్బా వచ్చాడు' అని ఆవిడే కేకేస్తోంది. పదిహేను రోజుల్లో క్లాసులో ఇంకో ఇద్దరు పిల్లలు వాళ్ల నాన్నల్ని అబ్బా అనడం మొదలుపెట్టారట. టీచరు నవ్వుతూనే చెప్పింది. నేను భయపడినవేవీ ఇంతవరకూ జరగలేదు. జరగవని మాటివ్వగలవాళ్లూ ఎవరూ లేరు.

దరఖాస్తులో చివరికి తెలుగు, ఉర్దూ రెండూ రాయమన్నాను. గడిలో ఒకటే పడుతుందన్నాడు గుమాస్తా. గడి బయట, కాగితం అంచున చిన్న అక్షరాలతో రెండోది రాయించాం. ఏది లోపల, ఏది బయట అని మా ఇంట్లో ఇంకా తగువే.

మొన్న పొద్దున వాళ్లమ్మ బాక్సు మూత పెడుతుంటే, పాప బూట్లు తొడుక్కుంటూ నన్ను అడిగింది:

'అబ్బా, ఇవాళ చెప్పే కూరా, చెప్పని కూరా?'

బాక్సులో ఉన్నది బీరకాయ పప్పు.