తాడు ఎవరి చేతిలో ఉంది

మోటారు సాయంతో కొండ ఎక్కితే ఎక్కినట్టా, కాదా? గ్రీసులో మెటియోరా మఠాల చుట్టూ గైడ్ వెంట ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ మీద తిరిగొచ్చానని చెప్పిన దగ్గర్నుంచీ ఆఫీసులో నాకు ఎదురవుతున్న ప్రశ్న ఇది. నిజానికి ప్రశ్న కూడా కాదు, తీర్పు. "అది చీటింగ్ బాస్" అన్నాడు పక్క టీమ్‌లో మారథాన్లు పరిగెత్తే మిత్రుడు. వాడి లెక్కలో కొండకి మనం చెల్లించాల్సిన ధర చెమట. అది చెల్లించకుండా పైనుంచి లోయని చూడటమంటే టికెట్ కొనకుండా సినిమా చూసినట్టే.

వాడి మాటని తేలిగ్గా కొట్టిపారేయలేం. మనలో చాలామందికి ఆ నమ్మకం ఎక్కడో ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వెళ్ళినవాళ్ళ దర్శనానికీ, ఘాట్ రోడ్డు మీద బస్సులో వెళ్ళినవాళ్ళ దర్శనానికీ తేడా ఉందని ఏ శాస్త్రమూ చెప్పక్కర్లేదు, మోకాళ్ళే చెప్తాయి. కానీ మెటియోరా చరిత్ర కాస్త చదివాక, ఆ నమ్మకాన్ని తీసుకెళ్ళి ఆ రాళ్ళ మీద పెడితే అతకదని నాకు అర్థమైంది. అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది.

ముందు యంత్రం సంగతి. యూరప్ నిబంధనల ప్రకారం ఈ సైకిల్ మోటారు నిరంతర సామర్థ్యం 250 వాట్లు దాటకూడదు. గంటకు 25 కిలోమీటర్ల వేగం రాగానే దాని సాయం ఆగిపోవాలి. మనం తొక్కితేనే అది తిరుగుతుంది. పెడల్ ఇరుసు దగ్గర ఉండే సెన్సర్, మన కాలు ఎంత బలంగా నొక్కుతోందో కొలిచి, ఆ బలానికి కొంత జోడిస్తుంది. గట్టిగా తొక్కితే ఎక్కువ, మెల్లగా తొక్కితే తక్కువ. అంటే ఇది మోటార్ సైకిల్ కాదు, మన శ్రమకి తగిలించిన యాంప్లిఫయర్. లెక్క వేద్దాం (ఇంజనీర్లకి ఈ జబ్బు ఉంటుంది, క్షమించండి). నేనూ సైకిలూ కలిపి 100 కిలోలు అనుకుంటే, మమ్మల్ని 300 మీటర్లు పైకి లేపడానికి కావాల్సిన శక్తి సుమారు 82 వాట్-అవర్లు. 500 వాట్-అవర్ల బ్యాటరీలో ఆరోవంతు. అదే పనిని ఒళ్ళు ఒక్కటే చెయ్యాలంటే, కండరాలు తిన్నదాంట్లో నాలుగోవంతునే పనిగా మారుస్తాయి కాబట్టి, ఓ ఐదారు ఇడ్లీలు ఖర్చవుతాయి. చీటింగ్ అన్న మాట మొత్తం ఈ ఐదారు ఇడ్లీల్లో మోటారు ఎన్ని తిన్నది అన్న దాని మీద నిలబడి ఉంది.

బెర్నార్డ్ సూట్స్ అని ఒక తత్వవేత్త 1978లో 'ది గ్రాస్‌హాపర్' అనే పుస్తకం రాశాడు. ఆట అంటే ఏమిటో నిర్వచించలేం అన్న విట్‌గెన్‌స్టైన్‌కి జవాబు అది. స్థూలంగా ఆయన చెప్పేదేమంటే, అవసరం లేని అడ్డంకులని మనంతట మనమే ఒప్పుకుని, వాటిని దాటడానికి ప్రయత్నించడమే ఆట. గోల్ఫ్ బంతిని చేత్తో తీసుకెళ్ళి గుంటలో వేస్తే పని అయిపోతుంది, ఆట మాత్రం జరగదు. మా మారథాన్ మిత్రుడు కొండని ఆటగా చూస్తున్నాడు. ఆటగా చూస్తే వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. మొక్కు కూడా ఒక రకంగా అలాంటిదే. కాలినడకన వస్తానని మాటిచ్చినవాడు బస్సెక్కితే మాట తప్పినట్టే, దేవుడు కనిపించినా సరే. అయితే శబరిమల దారిలో నడవలేని ముసలివాళ్ళని డోలీలో మోసుకెళ్తారు. వాళ్ళు అయ్యప్పని చూడలేదని ఎవరూ అనరు. కాబట్టి దారిలో శ్రమకి విలువ ఉందా లేదా అన్నది మనం ఆ దారికి ఏం మాటిచ్చామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మెటియోరా సన్యాసులు ఆ రాళ్ళకి ఏం మాటిచ్చారు?

మ్యాపులో గ్రీసు నడిమధ్య థెస్సలీ మైదానం కనిపిస్తుంది. దాని వాయవ్యపు అంచులో కలంబాకా అనే చిన్న ఊరు, పక్కనే కస్త్రాకి అనే పల్లె. ఆ రెండు ఊళ్ళ నెత్తి మీద ఏనుగు కాళ్ళలాగా నిలబడ్డ రాతి స్తంభాలు. గ్రానైట్ కాదు. ఎప్పుడో నది తెచ్చి పోసిన గులకరాళ్ళూ ఇసకా గట్టిపడి రాయైతే, తర్వాత నీళ్ళూ గాలీ దాన్ని కోసి ఇలా మిగిల్చాయి. దగ్గరికెళ్ళి చూస్తే రాతిలో గుండ్రటి గులకరాళ్ళు ఇంకా కనిపిస్తాయి, వేరుశెనగ చిక్కీలో పలుకుల్లా. మెటియోరా అంటే గాల్లో వేలాడేవి అని అర్థం. మొదట ఆ రాళ్ళ గుహల్లో ఒంటరి సాధువులు ఉండేవారు. 14వ శతాబ్దంలో ఆథోస్ పర్వతం నుంచి వచ్చిన అథనాసియస్ అనే సన్యాసి అన్నింటికన్నా వెడల్పైన రాయి మీద పెద్ద మఠాన్ని మొదలుపెట్టాడు. ఒక దశలో 24 మఠాలుండేవి. ఇప్పుడు ఆరింటిలో మనుషులు ఉంటున్నారు, అందులో రెండు సన్యాసినులవి. 1988లో యునెస్కో జాబితాలో చేరింది.

పైకి ఎలా వెళ్ళేవాళ్ళన్నదే నాకు కావాల్సిన విషయం. ఒక దారి, ముక్కలు ముక్కలుగా తాళ్ళతో కట్టిన పొడవాటి చెక్క నిచ్చెనలు. అవసరమైతే పైకి లాగేసుకోవచ్చు. రెండోది వల. చేపల వల లాంటి తాళ్ళ వలలో మనిషిని కూర్చోబెట్టి, దాని అంచులన్నీ కలిపి కొక్కేనికి తగిలిస్తే, పైన గిలకకి కట్టిన తాడుని సన్యాసులు చుట్టుకుంటూ లాగేవారు. వార్లామ్ మఠంలో ఆ బురుజునీ, గిలకనీ ఇప్పటికీ చూడొచ్చు. తాడు ఎప్పుడు మారుస్తారని అడిగితే, దేవుడు తెంపినప్పుడు, అని జవాబిచ్చేవారట. ఈ కథ గైడ్లందరూ చెప్తారు, మాకూ చెప్పారు. రాయిని చెక్కి మెట్లు కట్టింది 1920లలో.

ఇప్పుడు ఆ వలని మళ్ళీ ఊహించుకోండి. అందులో కూర్చున్నవాడు ఏం శ్రమ పడుతున్నాడు? భయపడటం తప్ప ఏమీ లేదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, మూటలాగా గాల్లో తిరుగుతూ పైకి పోతున్నాడు. 250 వాట్ల సాయమైతే సగం సాయం, వలలో ఉన్నది నూటికి నూరు శాతం సాయం. ఇప్పటికీ కొన్ని మఠాలకి పక్క కొండ నుంచి తీగ మీద నడిచే చిన్న పెట్టె ఉంది, మోటారుతోనే. సరుకులూ, ఒక్కోసారి సన్యాసులూ అందులోనే వెళ్తారు. దాన్ని వాళ్ళెవరూ చీటింగ్ అనుకోవడం లేదు. ఏడో శతాబ్దంలో సినాయ్ మఠాధిపతి జాన్ క్లిమాకస్ ఆధ్యాత్మిక సాధనని 30 మెట్ల నిచ్చెనగా వర్ణిస్తూ పుస్తకం రాశాడు, తూర్పు క్రైస్తవ మఠాల్లో దాన్ని చదవని సన్యాసి ఉండడు. ఆ నిచ్చెనని బొమ్మగా గీసిన 12వ శతాబ్దపు చిత్రం ఒకటి సినాయ్‌లో ఉంది. అందులో చాలా పైదాకా ఎక్కినవాళ్ళు కూడా జారి పడిపోతూ కనిపిస్తారు. ఎంత ఎక్కావన్నది అక్కడ స్కోరు కాదు.

అందుకే చెమటని ఆ రాళ్ళ దగ్గర కొలబద్దగా పెట్టడం నాకు కుదరదనిపిస్తుంది. సన్యాసులకి ఎత్తు కావాల్సింది ఎక్కి గెలవడానికి కాదు, కింద ఉన్నవాళ్ళకి దూరంగా ఉండడానికి. ఎత్తు వాళ్ళకి గోడ. ఆ గోడకి ఉన్న ఒకే ఒక్క తలుపు తాడు, ఆ తాడు పైనవాళ్ళ చేతిలో ఉండేది. కిందనుంచి కేకెయ్యాలి. పైవాళ్ళు వినాలి, వంగి చూడాలి, ఎవరో తెలుసుకోవాలి, ఇష్టమైతే వల దించాలి. రావాలన్న కోరిక నీది, రానివ్వడం వాళ్ళది.

ఇప్పుడు ఆ తాడు నా బొటనవేలి కింద ఉంది. హ్యాండిల్ మీద ప్లస్ బటన్ నొక్కితే ఈకో నుంచి టూర్, టూర్ నుంచి టర్బో. ఎవర్నీ కేకెయ్యక్కర్లేదు.

రోడ్డు పడినప్పుడే ఈ మార్పు వచ్చిందిగా, బస్సులు రోజూ వందలమందిని దించుతున్నాయిగా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. సెయింట్ స్టీఫెన్ మఠానికైతే మెట్లు కూడా ఎక్కక్కర్లేదు, రోడ్డు నుంచి చిన్న వంతెన దాటితే చాలు. కానీ బస్సు తారురోడ్డు దాటి రాలేదు. రాళ్ళ వెనక ఓక్ చెట్ల మధ్య నుంచి పోయే పాత కాలిబాటలు, పాడుబడ్డ సాధువుల గుహల కిందకి వెళ్ళే మట్టిదారులు ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని కాపాడింది చట్టం కాదు, ఏటవాలు. మామూలు టూరిస్టు ఆయాసపడి వెనక్కి తిరిగేవాడు. లావుపాటి టైర్లు, 250 వాట్లు కలిసి ఆ ఏటవాలుని తుడిచేశాయి. ఆయాసం చేసిన కాపలా పని ఇప్పుడు ఎవరు చెయ్యాలి?

మా గుంపులో ఆ పని గైడ్ చేశాడు. కస్త్రాకి దాటాక ఒక మలుపు దగ్గర అందర్నీ ఆపాడు. ఎదురుగా బాట చక్కగా పైకి పోతోంది. అరవై దాటిన ఒకావిడ, మాలో అందరికన్నా హుషారైన మనిషి, అటు చూపించి వెళ్దామంది. ఆయన వద్దన్నాడు. ఆవిడ తన స్క్రీన్ చూపించింది, "ఇంకా డెబ్భై శాతం ఉంది కదా!" అని. చాలాసేపు నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. వెళ్ళొచ్చా అన్న ప్రశ్నకి వెళ్ళగలను అన్నది జవాబైపోయింది. మా వృత్తిలో దీన్ని రోజూ చూస్తాం. ఏపీఐ తెరిచి ఉంటే డేటా లాగేస్తాం, ఇచ్చినవాళ్ళు దేనికి ఇచ్చారని అడగం. గైడ్ గొంతు పెంచలేదు. "ఆ పైన వాళ్ళ కూరగాయల తోట ఉంది" అన్నాడు, అంతే.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి ఫోటోలు చూపిస్తుంటే, "ఇంతమంది వస్తుంటే పాపం వాళ్ళకి జపం ఎలా సాగుతుందిరా?" అంది. దీని మీద నేను చదివిన వ్యాసాలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

వాళ్ళ దగ్గర తాడు లేని రోజుల్లో వాళ్ళేం చేశారో ఒక సినిమా సాక్ష్యం ఉంది. 1981లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' పతాక సన్నివేశం హోలీ ట్రినిటీ మఠం ఉన్న రాయి మీదే. షూటింగ్ ఇష్టంలేని సన్యాసులు, షాట్లు పాడు చెయ్యడానికి మఠాల బయట బట్టలు ఆరేశారు. సినిమా మామూలు బాండ్ సినిమానే, పెద్దగా గుర్తుండదు. ఆ ఆరేసిన బట్టలు మాత్రం నాకు గుర్తుండిపోయాయి. రానివ్వను అని చెప్పడానికి మిగిలిన ఆఖరి భాష అది. ఇప్పుడు గుమ్మం దగ్గర ఆడవాళ్ళకి ఇచ్చే చుట్టుకునే లంగా, నిక్కర్లతో వచ్చిన సైక్లిస్టుని ప్యాంటు వేసుకు రమ్మనడం, వారంలో ఒక రోజు తలుపులు మూసేసుకోవడం, ఇవన్నీ ఆ తాడు ముక్కలే అనిపిస్తాయి. లైక్రా నిక్కర్ మీద ట్రాక్ ప్యాంట్ తొడుక్కుంటూ గేటు ముందు ఒంటికాలి మీద గెంతిన ఆ రెండు నిమిషాల్లోనే, ఆ రోజు మొత్తంలో, నేను ఒకరి ఇంటికి వచ్చానన్న స్పృహ నాకు కలిగింది.

అయితే తాడు పైనవాళ్ళ చేతిలో ఉండటం అంత అమాయకమైన సంగతేం కాదు. అథనాసియస్ పెట్టిన నియమాల్లో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. అనుమతి అన్న మాటని నేనిక్కడ ముద్దుగా వాడుతున్నాను గానీ, మన గుళ్ళ ముందు, మన ఊరి బావుల దగ్గర తరాల తరబడి దూరంగా నిలబెట్టబడ్డవాళ్ళకి ఆ మాట ఎలా వినిపిస్తుందో తెలుసు. వాళ్ళెవరూ 'అడిగి' లోపలికి వెళ్ళలేదు, తోసుకుని వెళ్ళారు, మంచిపని చేశారు. మరి టర్బో బటన్ నొక్కే పర్యాటకుడిది కూడా అలాంటి హక్కేనా? కాదని గట్టిగా అనుకుంటున్నాను, కానీ కారణం వెతుక్కోవడానికి నాకు కొంత టైమ్ పట్టింది. బావి ఊరిది, దేవుడు అందరివాడని వాళ్ళే చెప్తారు, కాబట్టి అక్కడ కాపలా అన్యాయం. మనిషి పడుకునే గది, కూర్చుని ఏడ్చుకునే మూల, ఇవి ఊరివి కావు. చిక్కేమిటంటే మఠం ఈ రెండూను. దాని చర్చి అందరిదీ. సెయింట్ నికొలస్ మఠంలో క్రీటు చిత్రకారుడు థియోఫనీస్ 1527లో వేసిన కుడ్యచిత్రాలని ఎవరైనా చూడాల్సిందే, అరవై దాటిన ఆవిడని అక్కడిదాకా చేర్చిన మోటారుకి నా నమస్కారం. కాలిబాట తీసుకెళ్ళేది మాత్రం చర్చి గుమ్మానికి కాదు, ఇంటి పెరట్లోకి.

ఇంకో మాట కూడా చెప్పాలి. వల లాగిన చేతులు కనిపించేవి. వలలోంచి దిగినవాడు చెమటలు కక్కుతున్న ఆ సన్యాసుల ముఖాలు చూసి దండం పెట్టేవాడేమో. బ్యాటరీల్లో వాడే కోబాల్ట్‌లో సగానికి పైగా కాంగో గనుల నుంచి వస్తుంది. ఆ చేతులు మనకి కనపడవు. శ్రమ లేకుండా ఎక్కానని ఎవరైనా అంటే, ఎవరి శ్రమ అని అడగాలి. అది వేరే వ్యాసం.

ఇదంతా చెప్తే మా మారథాన్ మిత్రుడు వెంటనే పరిష్కారం చెప్పాడు. జియోఫెన్స్ పెట్టేస్తే పోలా? కొన్ని నగరాల్లో అద్దె స్కూటర్లు పార్కుల దగ్గరికి రాగానే వాటంతటవే నెమ్మదిస్తాయి, అలాగే మఠాల చుట్టూ గీత గీసి, దాటితే మోటారు ఆగిపోయేలా చెయ్యొచ్చు. నిజమే, కోడ్ ఓ సాయంత్రం పని. అప్పుడు తోట తొక్కకుండా మిగులుతుంది, కూరగాయలకి అంతకన్నా ఏం కావాలి. కానీ ఆ మలుపు దగ్గర ఆగిపోయేది మోటారు, మనిషి కాదు. ఆవిడ కిందకి దిగి బ్యాటరీనో కంపెనీనో తిట్టుకుంటుంది.

ఆ రోజు గైడ్ తోట మాట చెప్పగానే ఆవిడ ఒకసారి పైకి చూసింది. "ఏం పండిస్తారు?" అని అడిగింది. టమాటాలు, చిక్కుళ్ళు అన్నాడాయన. ఆవిడ మోటారు ఆపేసి, సైకిల్‌ని చేత్తో వెనక్కి తిప్పింది.