వేళ్ళే పళ్ళు

ఒక చిన్న పట్నంలో వినికిడి లేని పిల్లల బడి ఒకటి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు అయిదారేళ్ళ వయసులో వచ్చి చేరి, అక్కడే హాస్టల్లో ఉండి చదువుకునేవారు. వాళ్ళ అమ్మానాన్నలు వినగలిగినవాళ్ళు, సైగల భాష ఎరగనివాళ్ళు. అందువల్ల ఇంటి దగ్గర ఆ పిల్లలకు అన్నం, నీళ్ళు, పడక లాంటి నాలుగైదు సైగలు తప్ప ఏ ముచ్చటా అందలేదు. వినే పిల్లలకైతే ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా ఎన్నో తెలిసిపోతాయి. నాయనమ్మ గొణుగుడు, అక్క మీద అమ్మ కసురు, టీవీలో పేస్టు ప్రకటన, అన్నీ చెవిన పడుతూనే ఉంటాయి. ఈ పిల్లల చెవిన ఏదీ పడలేదు. పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించాలని పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నారు. ఎందుకు ఆడించాలో వాళ్ళకు తెలియదు.

ఆ పట్నంలో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. మంచి మనిషి. ఏడాదికొకసారి పైసా తీసుకోకుండా బడికి వచ్చి పిల్లల నోళ్ళు చూసేవాడు. మొదటి ఏడు మాస్కు తీయకుండానే అరగంట మాట్లాడాడు. పిల్లలు ఆయన కళ్ళలోకి చూస్తూ తలలు ఊపారు. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు తల ఊపితే వాళ్ళు సంతోషించి వదిలేస్తారని ఇలాంటి పిల్లలు చాలా చిన్నప్పుడే కనిపెడతారు. డాక్టరు ఆ తల ఊపులను నమ్మాడు.

అదే వారం ఒక కుర్రవాణ్ణి తన క్లినిక్కుకు రప్పించి పిప్పి పన్ను బాగుచేయబోయాడు. కుర్చీ వెనక్కి వాలింది, పైన దీపం కళ్ళలో కొట్టింది, డాక్టరు ముఖం మాస్కు చాటున ఉండిపోయింది. ఏం జరగబోతోందో తెలియని ఆ కుర్రవాడి దవడలోకి మిషను అదురు ఒక్కసారిగా దిగింది. వాడు డాక్టరు వేలు కొరికి పారిపోయాడు. వాడికి మొండివాడని పేరు వచ్చింది.

మరుసటి ఏడు వచ్చి చూస్తే పాత పిప్పులు అలాగే ఉన్నాయి, కొత్తవి చేరాయి. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక మొలిచే దవడ పళ్ళు కూడా కొందరికి నల్లబడ్డాయి. అవి ఊడి మళ్ళీ వచ్చే పళ్ళు కావు, జీవితమంతా ఉండవలసినవి. డాక్టరుకు బాధ కలిగింది. ఈసారి మాస్కు తీసి, గొంతు పెంచి, ఒక్కొక్క మాటా నోరు సాగదీసి పలికాడు. అలా సాగదీస్తే పెదవుల కదలిక మారిపోతుంది. కొద్దోగొప్పో పెదవులు చూసి మాట పట్టుకోగలిగే పిల్లలకు అది కూడా అందకుండా పోయింది.

మూడో ఏడు ఒక టీచరును పక్కన నిలబెట్టుకున్నాడు. ఆయన ప్లాస్టిక్కు పళ్ళ వరస మీద బ్రష్షు తిప్పి చూపిస్తూ చెబుతుంటే టీచరు దాన్ని సైగల్లోకి మార్చింది. ఇక అంతా సవ్యంగా ఉందని అందరూ అనుకున్నారు. వినేవాళ్ళకు కళ్ళు ఒక పనిలో ఉండగా చెవులు మరో పనిలో ఉండగలవు. ఆ పిల్లలకు రెండు పనులూ కళ్ళే చేయాలి. టీచరు చేతులు చూసినవాళ్ళకు బ్రష్షు ఎలా తిరిగిందో కనిపించలేదు. బ్రష్షు చూసినవాళ్ళకు మాట తప్పిపోయింది. అయినా తలలు మాత్రం అందరూ ఊపారు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఒకావిడ ఇదంతా చూసింది. ఆవిడ హాస్టల్లో వంటమనిషి. పుట్టుకతోనే వినికిడి లేదు. ఆ బడిలోనే చదువుకుని అక్కడే పనికి కుదిరింది. ఆవిడకూ చిన్నప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు. పాతికేళ్ళు నిండకుండానే దవడ పళ్ళు పోగొట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఆవిడ టీచరును వదిలిపెట్టలేదు. డాక్టరు చెప్పినదంతా మళ్ళీ మళ్ళీ సైగల్లో చెప్పించుకుని, తనకు పూర్తిగా తేలిందాకా అడుగుతూనే ఉంది.

సాయంత్రం పెద్ద గాలివాన పట్టుకుంది. డాక్టరు హాస్టల్లోనే ఆగిపోయాడు. భోజనాలయ్యాక వంటావిడ పిల్లలందరినీ కుళాయిల దగ్గర దీపం కింద అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టింది. తనకు ప్రతి ముఖమూ, ప్రతి ముఖానికీ తన చేతులూ కనిపించేలా సర్దింది. ముందు తలా ఒక పచ్చి బీట్‌రూట్ ముక్క నమలమని ఇచ్చింది. కొంచెం పుక్కిలించి ఉమ్మించి అద్దం అందించింది. పాచి పట్టిన చోటల్లా ఎరుపు అంటుకుని ఉండిపోయింది. పొద్దున బ్రష్షు ఆడించినవాళ్ళ నోళ్ళలోనూ చిగుళ్ళ అంచుల వెంట ఎర్రటి గీత కనిపించింది. పిల్లలు ఒకరి నోరు ఒకరికి చూపించుకుని ఆశ్చర్యపోయారు.

అప్పుడు ఆవిడ కథ మొదలుపెట్టింది. ఎడమ చేతి వేళ్ళు నిటారుగా నిలబెట్టింది. అవి పళ్ళు. కుడి చేతి వేలికొనలు వాటి మొదళ్ళలోకి పాకుతూ వచ్చాయి. అవి పురుగులు, కంటికి కనిపించనంత చిన్నవి. పైనుంచి తీపి వచ్చి పడింది. పురుగులు ఎగబడి తిన్నాయి, పొట్టలు ఉబ్బాయి, తిన్నదాన్ని పులుపుగా మార్చి పళ్ళ మీద ఉమ్మాయి. నిటారుగా ఉన్న చూపుడువేలు కొంచెం వణికింది. మళ్ళీ తీపి వచ్చింది, మళ్ళీ ఉమ్మాయి. వేలు ఇంకొంచెం వంగింది. రాత్రయింది, నోట్లో ఉమ్మి తగ్గింది, పులుపును కడిగేవాళ్ళు లేకపోయారు. పురుగులు రాత్రంతా పండగ చేసుకున్నాయి. తెల్లారేసరికి వేలు మడత పడి అరచేతిలోకి కూలిపోయింది. పిల్లలు మొదట పగలబడి నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే తమ చెంపలు తడుముకున్నారు. నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో వాళ్ళకు ఆ రాత్రే తెలిసింది. అంతకుముందు నొప్పి పుట్టినప్పుడు వాళ్ళు అన్నం మానేసేవారు, పెద్దవాళ్ళు అలక అనుకునేవారు.

కథ అయ్యాక ఆవిడ చేతులు ఆపింది. బ్రష్షు తీసి, చిగురూ పన్నూ కలిసే చోట చిన్న చిన్న సున్నాలు చుట్టి చూపించింది. చూపిస్తున్నంతసేపూ ఒక్క సైగ చేయలేదు. బ్రష్షు కింద పెట్టాకే వివరించింది. ఆపైన ఒక్కొక్క పిల్ల చేతిని తన చేతి మీద పెట్టుకుని ఎంత మెత్తగా ఒత్తాలో తెలియజేసింది. శనగగింజంత పేస్టు చాలని, తోముకున్నాక నురగ ఉమ్మేసి వదిలేయాలని, నీళ్ళతో పదేపదే పుక్కిలిస్తే పళ్ళను గట్టిపరిచే మందు కొట్టుకుపోతుందని చెప్పింది. ఒక పెద్ద పిల్లను గడియారం ముందు స్విచ్చు దగ్గర నిలబెట్టింది. 2 నిమిషాలు కాగానే దీపం ఆరి వెలిగింది. అందాకా ఎవరూ బ్రష్షు ఆపలేదు. చివర మళ్ళీ అద్దం చూసుకుంటే ఎరుపు చాలావరకు పోయింది.

డాక్టరు ఆ రాత్రి పిల్లల వెనక కూర్చుని అంతా చూశాడు. మర్నాడు టీచరు సాయంతో వంటావిడ దగ్గర సైగలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. హాస్టలుకు కొనే పేస్టులో పళ్ళను గట్టిపరిచే ఆ మందు, అంటే ఫ్లోరైడ్, కనీసం 1000 పీపీఎం ఉండేలా వార్డెన్‌కు చెప్పి మార్పించాడు. పాచిని రంగుతో పట్టిచ్చే మాత్రలు తన క్లినిక్కులో ఎప్పటి నుంచో ఉన్నాయి, వాటిని తెచ్చి ఆవిడకిచ్చాడు. వేలు కొరికిన కుర్రవాణ్ణి మళ్ళీ పిలిపించాడు. ఈసారి కుర్చీ వాల్చకముందే మాస్కు తీసి, చేయబోయేదంతా చేతులతో చెప్పాడు. చెయ్యి దగ్గరికొస్తే కూసే వాడి చెవి మిషనును ముందే తీయించాడు. పన్ను తొలిచే మిషనులో మెత్తగా తిరిగే బ్రష్షు తొడిగి, దాన్ని వాడి గోరు మీద ఆడించి అదురు పరిచయం చేశాడు. చెయ్యెత్తితే ఆపుతానని ఒప్పందం చేసుకున్నాడు. వాడు రెండుసార్లు చెయ్యెత్తాడు, డాక్టరు రెండుసార్లూ ఆపాడు. పన్ను నిండింది.

పోయిన పళ్ళు తిరిగి రాలేదు. అయితే తర్వాతి ఏడు కొత్త పిప్పులు బాగా తగ్గాయి. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళిన ఒక పిల్ల, బొగ్గుతో పళ్ళు తోముకునే వాళ్ళమ్మ ముందు కూర్చుని ఎడమ చేతి వేళ్ళు నిలబెట్టి మొత్తం కథ చెప్పింది. ఆ తల్లి తన కూతురు చెప్పిన కథ ఒకటి మొదటి నుంచి చివరిదాకా అర్థం చేసుకోవడం అదే మొదలు.

ఈ కథలో పిల్లల పళ్ళు పుచ్చింది చెప్పేవాళ్ళు తమకు వీలైన దారిలో చెప్పి, పిల్లలు తల ఊపగానే అర్థమైందనుకుని వెళ్ళిపోయినందువల్ల. వినికిడి లేని పిల్లలకు ఆరోగ్యం నేర్పాలంటే ముందు చూపించి, ఆగి, వాళ్ళ భాషలో వివరించి, వాళ్ళ చేతులతో చేయించి చూడాలి. ఆ పని అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు వినికిడి లేకుండా పెరిగిన పెద్దలు, కాబట్టి వాళ్ళను వంటింటి గుమ్మంలో నిలబెట్టక తరగతి ముందుకు పిలిచి జీతమిచ్చి గురువులుగా పెట్టుకోవాలి.