తటస్థత ఎవరి మధ్య?

ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్లకపోవడమే మంచితనమని మనలో చాలామంది భావిస్తారు. మరి ఆ ఇద్దరి కాళ్ల కింద ఒక పసివాడు నలిగిపోతుంటే? అప్పుడు కూడా ‘మాకెందుకు’ అని తలుపు మూసుకోవడం ధర్మమేనా?

ఈ ప్రశ్న ఐర్లండ్‌కు ఎదురైంది. ఆ దేశం రెండవ ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉంది, నాటో కూటమిలో చేరలేదు. 2003 నుండి సూడాన్‌లోని దార్ఫూర్‌లో సాగిన మారణకాండకు తాళలేక రెండు లక్షలకు పైగా ప్రజలు తూర్పు చాద్ చేరారు. బాధితులు ముస్లిములు, వారిని తరిమినవారూ ముస్లిములే! ఈ మాట రాయడానికి మాకు సిగ్గుగా ఉంది. వారికి అన్నం మోసుకెళ్లే వాహనాలను సాయుధ ముఠాలు దోచుకునేవి. భద్రతా మండలి 2007 సెప్టెంబరులో 1778వ తీర్మానం చేయగా, 2008లో యూరోపియన్ యూనియన్ సుమారు 3,700 మంది సైనికులను పంపింది. మొత్తం కార్యక్రమానికి సారథి ఐర్లండ్ సేనాని పాట్రిక్ నాష్. దాదాపు 400 మంది ఐరిష్ సైనికులు గోజ్ బేడా పట్టణం వద్ద మకాం వేశారు.

ఇందులో చిక్కు లేకపోలేదు. ఆ సేనలో అందరికంటే ఎక్కువ మంది ఫ్రాన్సు వారు. ఫ్రాన్సు 1960 వరకు చాద్‌ను ఏలిన దేశం, ఆనాటి అధ్యక్షుడు ఇద్రీస్ దేబీకి అండ కూడా. తుపాకీ పక్కన నడిచే రొట్టెను జనం అనుమానిస్తారని సహాయ కార్యకర్తలు భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. 2008 జూన్‌లో తిరుగుబాటుదారులు గోజ్ బేడాపై పడినప్పుడు ఐరిష్ సైనికులు సహాయ కార్యకర్తలకు రక్షణ కల్పించారే గాని, ప్రభుత్వం తరఫున యుద్ధానికి దిగలేదు. దాంతో యూరప్ సేన కళ్లు మూసుకుందని దేబీ నిందించాడు. పక్షం వహించనివాడికి దక్కే బహుమానం ఇదే కాబోలు!

మహాప్రవక్త (సల్లం) యువకుడిగా ఉన్నప్పుడు జరిగిన ‘హిల్ఫుల్ ఫుజూల్’ ఒప్పందం గుర్తు చేసుకుందాం. యమన్ నుండి వచ్చిన ఒక వర్తకుడి సరుకు తీసుకుని, మక్కా పెద్ద ఒకడు డబ్బు ఎగ్గొట్టాడు. ఆ వర్తకుడికి మక్కాలో నా అన్నవారు లేరు. అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట కొన్ని తెగలవారు సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే, హక్కు దక్కేదాకా అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. వారు ముస్లిములు కారు. అయినా ప్రవక్త (సల్లం) దైవదౌత్యం లభించిన తర్వాత కూడా, అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళతానని సెలవిచ్చారు. దీన్నిబట్టి మాకు అర్థమయ్యేదేమంటే, తటస్థత రెండు వర్గాల మధ్య ఉండవచ్చు, పీడకుడికీ పీడితుడికీ మధ్య ఉండరాదు. ఐర్లండ్ నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం. ఏ సంకల్పంతో వెళ్లారన్నది అల్లాహ్‌కే తెలుసు.

కాని ఒక మాట గుండెలో ముల్లులా గుచ్చుకుంటోంది. విశ్వాసుల రెండు వర్గాలు పోరాడుకుంటే వారి మధ్య సంధి చేయమని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆజ్ఞాపించింది. ఆ ఆజ్ఞ డబ్లిన్ పార్లమెంటుకు ఇచ్చింది కాదు, మనకు. ఐరిష్ సైనికులు 2010లో చాద్ నుండి వెళ్లిపోయారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో మళ్లీ యుద్ధం రాజుకుంది. లక్షలాది తల్లులు, పిల్లలు మళ్లీ అదే సరిహద్దు దాటారు.