నీడ ఎవరిది?



మా కర్నూలు ఎండల సంగతి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ అని రెండు నదుల పేర్లు చెప్పుకొంటాం గాని, వేసవి వచ్చేసరికి హంద్రీలో ఇసుకా రాళ్ళే కనిపిస్తాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. పగలంతా ఎండను తాగిన మిద్దెలు, తారు రోడ్లు రాత్రంతా ఆ వేడిని వెళ్ళగక్కుతాయి. చెట్లున్న వీధిలోకి మలుపు తిరిగితే ఒళ్ళే చెబుతుంది తేడా. చెట్టు ఎండను ఆపడమే గాక, వేళ్ళతో తీసుకొన్న నీటిని ఆకులనుండి ఆవిరిగా వదిలి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. ఇది బడిపిల్లలకూ తెలిసిన పాఠమే.

తెలిసిన పాఠాన్ని మళ్ళీ ఎత్తుకోవడానికి కారణం, నేను చేసిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవలసి ఉండడమే.

కొన్నేళ్ళ క్రితం జూలై నెలలో, ఆదివారం పూజ ముగిశాక, మా విచారణలో వనమహోత్సవం జరిపాం. 1950లో కేంద్రమంత్రి కె.ఎం.మున్షీగారు మొదలుపెట్టిన ఈ ఉత్సవం ఇప్పుడు బడులకూ, ఆఫీసులకూ, గుడులకూ అలవాటైపోయింది. యువజనులు, మరియదళం సభ్యులు, కన్యాస్త్రీలు, చిన్నపిల్లలు అందరూ వచ్చారు. వేప, కానుగ, నేరేడు కలిపి 60 మొక్కలు నాటాం. పవిత్రజలం చల్లాను. దేవుని సృష్టిని గురించి ప్రసంగం చేశాను. బాగుందని పదిమంది అన్నారు కూడా. ఫోటోలు తీసుకొని, మైసూరుపాకు తిని ఇళ్ళకు వెళ్ళిపోయాం.

మరుసటి మే నెలలో ఒక సాయంత్రం నడుచుకొంటూ వెళ్ళి లెక్కపెట్టాను. 60 మొక్కల్లో మిగిలినవి నాలుగు. మూడు మొక్కలు ఇళ్ళ గేట్ల ముందున్నవి; ఆ ఇంటివాళ్ళు నీళ్ళు పోశారు. నాలుగవది కూలీల అడ్డా దగ్గర రోడ్డువారన నాటిన వేప. దానికి గేటు లేదు, ఇల్లు లేదు. అది ఎలా బతికింది?

పక్కనే టీబండి పెట్టుకొన్న ఒక పెద్దావిడ ఉంది. మన విచారణకు చెందిన మనిషి కాదు. టీ గ్లాసులు కడిగిన బకెట్టు నీళ్ళు రోజూ ఆ మొక్క మొదట్లో పోసేది. మేకలు కొరకకుండా చుట్టూ ముళ్ళకంప కూడా తెచ్చి పెట్టింది. నేను మెచ్చుకోబోతే ఆమెకు నవ్వొచ్చింది. "నీడ లేకుంటే నేనేడ కూచోవాల సామీ? మీరు నాటిపోతిరి, ఎండలో ఉండేది నేను గదా!" అంది.

ఆ మాట చాలా రోజులు నన్ను వదలలేదు. మేము 60 మొక్కలను 'అందరి మొక్కలు' అన్నాం. అందరివీ కాబట్టే 56 చచ్చిపోయాయి. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ ఈ సంగతే చెప్పగా విన్నాను. ఎక్కువమందికి ఉమ్మడిగా ఉన్న వస్తువుకు అతి తక్కువ శ్రద్ధ దక్కుతుందని ఆయన 'రాజనీతి' గ్రంథం రెండవ భాగంలో అంటాడు. పరీక్షకోసం బట్టీపట్టిన మాట! అర్థం కావడానికి ఎండిపోయిన మొక్కలు చూడవలసి వచ్చింది.

పునీత తోమాసు అక్వినాసువారు ఈ ఆలోచనను తీసుకొని ఇంకొక మెట్టు ఎక్కించారు. మనిషి సొంత ఆస్తి కలిగి ఉండవచ్చునా అనే ప్రశ్నకు జవాబిస్తూ ఆయన ఒక విభజన చేస్తారు. వస్తువును సంపాదించి సంరక్షించే బాధ్యత ఒక్కొక్కరికీ విడివిడిగా ఉండవచ్చు. అలా ఉంటేనే మనిషి శ్రద్ధగా చూసుకొంటాడు. కాని దానిని అనుభవించే విషయంలో మాత్రం అది తనదొక్కడిదే అనుకోరాదు, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి. ఆయన మొక్కల్ని గురించి రాయలేదనుకోండి. కాని వీధిలో నాటిన చెట్టుకు ఇంతకంటె చక్కగా అతికే సూత్రం నాకు దొరకలేదు. పోషణకు అది ఒకరి చెట్టు. నీడకు అది అందరి చెట్టు. మేము దీన్ని తలకిందులు చేశాం. పోషణను అందరికీ అప్పగించి, నాటిన ఘనతను మాత్రం విచారణ పేరున రాసుకొన్నాం.

మీలో ఒకరు అడగవచ్చు: "ఆ టీబండి ఆవిడ తన నీడకోసం తాను పోసుకొంది. అందులో పుణ్యమేముంది, స్వామీ?" అడగవలసిన ప్రశ్నే. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యగారిని, మనమందరం వనజీవి రామయ్య అని పిలుచుకొన్నవారిని, తలచుకోండి. విత్తనాలు జేబుల్లో, మొక్కలు సైకిలుపై పెట్టుకొని, తాను ఎన్నడూ కూర్చోని చోట్ల చెట్లు పెంచారు. 2017లో పద్మశ్రీ అందుకొన్నారు, 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయన చేసింది గొప్ప త్యాగం. కాని మన విచారణలో ఎంతమంది రామయ్యలున్నారు? టీబండి ఆవిడవంటివారు వీధికి ఒకరు దొరుకుతారు. తన అవసరంతో మొదలైన పని తనతోనే ఆగిపోతే అది స్వార్థం. ఆ వేప ఇప్పుడు ఎంత పెరిగిందంటే, పొద్దున పనికి పిలుపుకోసం నిలబడే కూలీలు దానికిందే కూర్చొంటున్నారు. ఎవరినీ ఆమె లేచిపొమ్మనదు. టీ తాగినా సరే, తాగకపోయినా సరే.

పవిత్రగ్రంథంలో యోనా ప్రవక్త కథ మీకు తెలుసు. చేప కడుపు దాకా అందరికీ గుర్తుంటుంది, చివరి అధ్యాయం గుర్తుండదు. నినివే పట్టణం బయట యోనా ఎండలో కూర్చొని ఉంటాడు. దేవుడు ఒక మొక్కను మొలిపించి అతనికి నీడ కల్పిస్తాడు. మరునాడు పురుగు కొరికి అది వాడిపోతుంది, తూర్పుగాలి వేడిగా కొడుతుంది, ఇంక చావే మేలంటాడు ప్రవక్త. అప్పుడు దేవుడు వేసిన ప్రశ్న చూడండి. నీవు నాటనిది, నీవు కష్టపడనిది, ఒక్క రోజులో వచ్చిపోయిన మొక్కకోసం ఇంత బాధపడ్డావే; లక్షా ఇరవైవేల మంది జనం, అన్ని పశువులు ఉన్న ఆ నగరంకోసం నేను బాధపడకూడదా, అని. యోనాకు తన నీడపోయిన దుఃఖమే తెలుసు, నగరం పడే దుఃఖం తెలియదు. ఏ.సీ. గదిలో కరెంటు పోతే అరగంటలో ఫోన్లు చేసే మనం అతణ్ణి తప్పుపట్టలేం.

2015 మే నెల వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ముసలివాళ్ళూ, ఎండలో పనిచేయక తప్పని కూలీలే అందులో చాలామంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మే 24న, ఫ్రాన్సిస్ పోపుగారు 'లౌదాతో సీ' విశ్వలేఖపై సంతకం చేశారు. మొక్కలు నాటడాన్ని ఆయన అందులో రోజువారీ చిన్న పనుల జాబితాలో చేర్చారు, ఉత్సవాల జాబితాలో కాదు. పేదల మొర, భూమి మొర ఒకటేనన్నది ఆ లేఖ సారాంశం. మరి మన గుడి ఆవరణలో ఇప్పటికే చల్లని చెట్లున్నప్పుడు ఇంకో పది మొక్కలు అక్కడే నాటడం దానం కూడా కాదు, అలంకారం. నీడ లేనిది అడ్డా దగ్గర, ఆటోస్టాండు దగ్గర, ఆసుపత్రి గేటుముందు.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న మా కాలనీలో ఒక తల్లి అడిగింది. "కుళాయి నీళ్ళు దినం తప్పించి దినం వస్తాయి, స్వామీ. బిందెల కాడ కొట్లాడుకొంటున్నాం. మొక్కకు ఎట్ల పోయమంటారు?" నా దగ్గర తడుముకోని జవాబు లేకపోయింది. తాగేనీళ్ళు బిడ్డకా మొక్కకా అంటే బిడ్డకే. ఇందులో వాదం లేదు. కాని గిన్నెలు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. రెండు మూడు వేసవులు దాటిస్తే వేప, కానుగ తమ నీళ్ళు తాము వెతుక్కొంటాయి. అయినా ఆ తల్లి మాటలో న్యాయముంది. బోరు, సంపు ఉన్న ఇళ్ళవాళ్ళు పోయవలసిన నీళ్ళను ఆమెచేత పోయించి మనం పుణ్యం మూటగట్టుకోరాదు.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం నాటిన మొక్కల్లో నూటికి 85 బతికి తీరాలని పెట్టి, బతకకపోతే స్థానిక ప్రతినిధుల పదవికే ఎసరు పెట్టాయి. చట్టం చేసినవాళ్ళకు మనుషుల స్వభావం బాగానే తెలుసు. పదవి భయం లేని విచారణలో దానికి బదులు ఏముండాలి? పూజ ప్రారంభంలో మనం ఒప్పుకొనే పాపాల్లో నిర్లక్ష్యం కూడా ఉందని గుర్తుచేయడం తప్ప నాకేమీ తోచలేదు. ఆ 56 మొక్కల విషయంలో నేను అక్కడే తలవంచుతున్నాను.

ఈసారి జూలైలో ఫోటోలు లేవు, మైసూరుపాకు లేదు. 12 గుంతలే తవ్విస్తున్నాం, రెండడుగుల లోతున, పశువుల ఎరువు కలిపిన ఎర్రమట్టితో. ప్రతి గుంతకూ ఒక ఇంటి పేరు రాసి గుడి తలుపు దగ్గర అంటించాను. ఆ ఇంటివాళ్ళు ఊరికి వెళితే పొరుగువారికి చెప్పి వెళ్ళాలి. ఇప్పటికి తొమ్మిది పేర్లు వచ్చాయి, అందులో ఒకటి గురునివాసానిది. అడ్డాకు ఎదుటివైపు మూడు గుంతలకు ఇంకా ఎవరూ రాలేదు. ఆ వైపు కుళాయి లేదు.